రెండో రొమ్మూ తీయించుకోవాలా? ఆ లెక్క వేరు

ముక్క పరీక్ష రిపోర్టులో క్యాన్సర్ అని తేలాక నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా డాక్టరు గదిలో వినపడే మాట ఒకటుంది. "ఎటూ కోస్తున్నారు గదా సార్, రెండూ ఒకేసారి తీసేయండి. రేపు దానికి పాకితే మళ్లీ ఈ బాధ ఎవరు పడతారు?" ఈ మాట అనేది చాలాసార్లు భర్త, అన్న, లేదంటే ఫోన్లో ఉన్న కొడుకు. రొమ్ము ఎవరిదో ఆమె మాత్రం రిపోర్టు కవరు ఒళ్లో పెట్టుకుని వింటూ ఉంటుంది.

ఆ మాటలో రెండు ప్రశ్నలు ముడిపడి ఉన్నాయి. ఇప్పుడు వచ్చిన క్యాన్సర్‌ను ఎట్లా వదిలించుకోవాలి అనేది ఒకటి. ఏ జబ్బూ లేని రెండో రొమ్ములో ముందు ముందు కొత్తగా క్యాన్సర్ పుట్టే అవకాశం ఎంత, దాన్ని తప్పించుకోవడానికి ఒంటి మీద ఎంత భారం వేసుకోవచ్చు అనేది ఇంకొకటి. రెండో రొమ్ము తీయించుకోవడం ఈ రెండో ప్రశ్నకే జవాబు. మొదటి దానికి అది వైద్యం కాదు.

పాకేది ఎటు?

సొరతీగ ఒక పందిరి మీద నుంచి పక్క పందిరికి అల్లుకున్నట్టు క్యాన్సర్ ఈ రొమ్ము నుంచి ఆ రొమ్ముకు పోతుందని చాలామంది అనుకుంటారు. అది పోయే దారి వేరు. ముందు అదే వైపు చంకలోని బిళ్లల్లోకి, అంటే లింఫ్ గ్రంథుల్లోకి చేరుతుంది. రక్తంలో కలిస్తే ఎముకలు, కాలేయం, ఊపిరితిత్తులు, మెదడు. ప్రాణం మీదికి తెచ్చేది అట్లా దూరం పోయిన కణాలే. కొన్నేళ్ల తర్వాత రెండో రొమ్ములో గడ్డ కనిపిస్తే అది చాలావరకు పాత జబ్బు పాకింది కాదు, అక్కడే కొత్తగా పుట్టింది.

అందుకే ఆరోగ్యంగా ఉన్న రొమ్మును తీసేసినా, మొదటి గడ్డ నుంచి ఈపాటికే బయటపడిన కణాలు ఏవైనా ఉంటే వాటికి ఏమీ కాదు. వాటి పని పట్టేది కీమో, హార్మోను మాత్రలు, గడ్డలో హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉంటే (హెర్2 పాజిటివ్) ట్రాస్టుజుమాబ్ లాంటి మందులు. అమెరికా క్యాన్సర్ రిజిస్ట్రీ వివరాలతో 2024లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ఈ సంగతిని అంకెల్లో చూపించింది. గడ్డ మాత్రమే తీయించుకున్నవాళ్లు, ఒక రొమ్ము తీయించుకున్నవాళ్లు, రెండూ తీయించుకున్నవాళ్లు అని మూడు గుంపులు. ఒక్కో గుంపులో 36 వేల పైచిలుకు మంది. రెండో రొమ్ము ఉంచుకున్నవాళ్లలో 20 ఏళ్లలో సుమారు 7 శాతం మందికి అందులో క్యాన్సర్ వచ్చింది. రెండూ తీయించుకున్నవాళ్లలో అది దాదాపు లేదు. అయినా 20 ఏళ్లలో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు మూడు గుంపుల్లోనూ 16-17 శాతమే. అంటే ఆపరేషన్ కొత్త క్యాన్సర్‌ను ఆపింది, ఆయుష్షును మాత్రం పెంచలేదు.

ఇది మొత్తం జనానికి వేసిన లెక్క. జన్యువులో తేడా ఉన్నవాళ్ల సంగతి వేరు. దాని దగ్గరికే వస్తున్నాం.

నూటికి ఎంతమంది?

వంశంలో జబ్బు లేని, జన్యుదోషం లేని మామూలు రోగికి రెండో రొమ్ములో క్యాన్సర్ వచ్చే అవకాశం ఏడాదికి అర శాతం లోపే. నూరుమందిని పదేళ్లు గమనిస్తే ముగ్గురికో ఐదుగురికో వస్తుంది. గడ్డ హార్మోను రకానిదై ఈఆర్ పాజిటివ్ అని ఉంటే, రోజూ వేసుకునే 20 మిల్లీగ్రాముల టామాక్సిఫెన్, లేదా ముట్లు ఆగిపోయినవాళ్లకు ఇచ్చే 2.5 మిల్లీగ్రాముల లెట్రోజోల్ ఆ అవకాశాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుంది. అవి మొదటి క్యాన్సర్ కోసం ఎటూ వాడాల్సిన మాత్రలే, తక్కువలో తక్కువ ఐదేళ్లు. రెండో రొమ్ముకు కాపలా ఆ చీటీలోనే రాసి ఉంది. ఆపరేషన్ చేయించుకుని మాత్రలు మధ్యలో మానేయడం కంటే, ఆపరేషన్ లేకుండా మాత్రలు చివరిదాకా మింగడం నయం. వేడి ఆవిర్లు వస్తున్నాయనో కీళ్లు నొప్పులనో మానేసేవాళ్లు చాలామంది. మానేసే ముందు డాక్టరుకు చెబితే మందు మార్చే వీలుంటుంది.

మొదటి క్యాన్సర్ ఎంత దూరం పోయిందో కూడా ఈ లెక్కలోకి రావాలి. చంకలో పది బిళ్లలకు పాకి ఉన్నా, ఎముకల్లో కనిపించినా, పదేళ్ల తర్వాత రెండో రొమ్ములో రాబోయే దాని కోసం ఇప్పుడు కత్తి పట్టడంలో అర్థం లేదు. బావి మంచిదే, కానీ ఇల్లు కాలుతున్నప్పుడు తవ్వేది కాదు.

ఒకటి మరిచిపోకూడదు. రెండో రొమ్ము ఆరోగ్యంగా ఉందని ముందు తేలాలి. మామోగ్రామ్ ఎప్పుడూ రెండు వైపులా తీయాలి. వయసు తక్కువై రొమ్ము కణజాలం దట్టంగా ఉంటే అల్ట్రాసౌండ్, అవసరమైతే ఎంఆర్ఐ. అనుమానంగా ఏదైనా కనపడితే దానికీ ముక్క పరీక్ష చేయించాకే నిర్ణయం. అక్కడా క్యాన్సర్ ఉంటే ఇక అది ముందుజాగ్రత్త కాదు, వైద్యమే.

లెక్క తిరగబడేది జన్యువు దగ్గర

2013లో ఏంజెలీనా జోలీ రెండు రొమ్ములూ తీయించుకున్నానని ప్రకటించాక ఈ ఆపరేషన్ పేరు మన దగ్గర కూడా ఇంటింటికీ తెలిసింది. ఆ వార్తలో చాలామంది గుర్తుపెట్టుకోని వివరం ఏమిటంటే, ఆమెకు క్యాన్సర్ రాలేదు. బీఆర్‌సీఏ1 అనే జన్యువులో దోషం ఉంది. తల్లి అండాశయ క్యాన్సర్‌తో పోయారు. ఆ రెండూ లేనివాళ్లు ఆమె దారి పట్టాల్సిన పనిలేదు.

బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 దెబ్బతిన్న డీఎన్‌ఏను బాగుచేసే జన్యువులు. వాటిలో దోషంతో పుట్టిన స్త్రీకి 80 ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం 70 శాతం దగ్గర. ఒక రొమ్ములో వచ్చాక 20 ఏళ్లలో రెండో దానిలో వచ్చే అవకాశం దోషం బీఆర్‌సీఏ1లో ఉంటే సుమారు 40 శాతం, బీఆర్‌సీఏ2లో ఉంటే సుమారు 26 శాతం. రెండో రొమ్ము తీసేస్తే ఇందులో 90 శాతానికి పైగా తగ్గుతుంది. ఇట్లాంటివాళ్లలో, ముఖ్యంగా చిన్న వయసులో జబ్బు వచ్చి మొదటి క్యాన్సర్ తొలి దశలోనే దొరికినవాళ్లలో, ఆయుష్షు కూడా పెరగవచ్చని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ లాభం కూడా కనపడేది పదేళ్లు దాటాకే. టీపీ53 అనే ఇంకో జన్యువులో దోషం ఉంటే రేడియేషన్, అంటే మన వైపు అనే కరెంటు, వీలైనంత తప్పించాలి. వాళ్లకు గడ్డ మాత్రమే తీయడం కంటే రొమ్ము తీయడమే మేలు. వేరే జబ్బుకు చిన్నప్పుడు ఛాతీకి కరెంటు పెట్టించుకున్నవాళ్లకు కూడా రెండు వైపులా ముప్పు ఎక్కువే.

జన్యు పరీక్ష ఎవరికి? 50 ఏళ్లలోపు జబ్బు వచ్చినవాళ్లకు, ఏ వయసులోనైనా ట్రిపుల్ నెగటివ్ రకం (రెండు హార్మోను గుర్తులూ, హెర్2 కూడా లేనిది) వచ్చినవాళ్లకు, రెండు రొమ్ముల్లోనూ వచ్చినవాళ్లకు, దగ్గరి బంధువుల్లో రొమ్ము, అండాశయ, క్లోమ క్యాన్సర్లు ఉన్నవాళ్లకు, ఇంటి మగవాళ్లలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు. మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాల కంటే దాదాపు పదేళ్లు ముందే పలకరిస్తోంది. అందుకని ఇక్కడి రోగుల్లో చాలామంది మొదటి కారణంతోనే పరీక్షకు అర్హులు. నాలుగైదు మిల్లీలీటర్ల రక్తం చాలు. రిపోర్టుకు మూడు నాలుగు వారాలు పడుతుంది.

వంశచరిత్ర అడిగేటప్పుడు మన వైపు జరిగే తప్పు ఒకటుంది. "మీ అమ్మకు గానీ అమ్మమ్మకు గానీ ఉందా?" అని అడిగి లేదంటే వదిలేస్తారు. ఈ దోషం తండ్రి నుంచి కూడా సగానికి సగం అవకాశంతో వస్తుంది. మేనత్తలకు, నాయనమ్మకు ఏం జరిగిందో అడగాలి. మేనరికం చేసుకున్న ఇళ్లలో ఇంకో చిక్కు. అమ్మ వైపు, నాన్న వైపు ఒకే వంశం కావడంతో ఎవరు ఎటు లెక్కకు వస్తారో తేలదు. కాగితం మీద మూడు తరాల చెట్టు గీసి, ప్రతి పేరు పక్కన ఎన్నో ఏట ఏం జబ్బుతో పోయారో రాసుకుంటేనే తెలుస్తుంది. "కడుపులో గడ్డ లేచి పోయింది" అని చెప్పే పెద్దమ్మ కథలో అండాశయ క్యాన్సర్ దాక్కుని ఉండొచ్చు. మేనరికం వల్ల ఈ దోషం పుట్టదు. ఒక్క కాపీ చెడినా చాలు కాబట్టి బయటి సంబంధం చేసుకున్నా పిల్లలకు వచ్చే అవకాశం సగమే.

రిపోర్టులో మూడు రకాల జవాబులు ఉంటాయి. దోషం ఉంది, దోషం లేదు, మూడోది 'అర్థం తేలని మార్పు'. దీన్నే వీయూఎస్ అని రాస్తారు. ఈ మూడోదాన్ని పాజిటివ్ అనుకుని బెంబేలెత్తి రొమ్ము తీయించుకునేవాళ్లున్నారు. అది తప్పు. ఇట్లాంటి మార్పుల్లో చాలావరకు తర్వాత నిరపాయమని తేలేవే. దాని ఆధారంగా కత్తి పెట్టకూడదు, చెల్లెళ్లకు పరీక్షలూ చేయించకూడదు. నిజంగా పాజిటివ్ వస్తే మాత్రం అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు, పెద్దవాళ్లైన కొడుకులకు కూతుళ్లకు చెప్పక తప్పదు. పెళ్లి కావాల్సిన కూతురుందని దాచేస్తారు. దాచినందువల్ల దోషం పోదు, ముందే పట్టుకునే వీలు మాత్రం పోతుంది.

ఇంకో సంగతి. బీఆర్‌సీఏ పాజిటివ్ అని తెలియగానే అందరి చూపూ రెండో రొమ్ము మీదే పడుతుంది. అంతకంటే ముందు ఆలోచించాల్సింది అండాశయాల గురించి. రొమ్ముకు మామోగ్రామ్, ఎంఆర్ఐ ఉన్నాయి, తొలి దశలో దొరుకుతుంది. అండాశయ క్యాన్సర్‌ను ముందే పట్టే నమ్మదగ్గ పరీక్ష లేదు. దోషం బీఆర్‌సీఏ1లో ఉంటే పిల్లలు పుట్టడం అయ్యాక 35-40 మధ్య, బీఆర్‌సీఏ2లో అయితే 40-45 మధ్య అండాశయాలు, అండనాళాలు తీయించుకోమంటారు. ప్రాణం కాపాడే విషయంలో దీనికి ఉన్న ఆధారం రెండో రొమ్ము ఆపరేషన్ కంటే బలమైనది. ఊళ్లో ఎప్పుడో గర్భసంచి తీయించుకున్నవాళ్లు 'అన్నీ పోయాయిలే' అనుకుంటారు. డిశ్చార్జి కాగితం తీసి అండాశయాలు ఉంచారో తీశారో చూడాలి.

తొందర లేదు

రెండో రొమ్ము నిర్ణయం మొదటి ఆపరేషన్ రోజే జరగాలన్న నియమం ఎక్కడా లేదు. ట్రిపుల్ నెగటివ్, హెర్2 పాజిటివ్ రకాల్లో గడ్డ రెండు సెంటీమీటర్లు దాటితే, లేదా చంకలో బిళ్లలు ఉంటే, ముందు కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేస్తారు. ఆ నాలుగైదు నెలల్లో జన్యు రిపోర్టు వచ్చేస్తుంది. ఆపరేషనే ముందైతే, జబ్బున్న వైపు చేయించుకుని, కీమో, కరెంటు పూర్తయ్యాక ఏడాదికో రెండేళ్లకో రెండో వైపు గురించి తేల్చుకోవచ్చు. రెండో మత్తు, రెండో ఖర్చు అనే మాట నిజమే. కానీ తీసిన రొమ్మును మళ్లీ పెట్టలేం.

అసలు ఒకటైనా తీయాలా అనే ప్రశ్న మన జిల్లాల్లో చాలాసార్లు చర్చకే రాదు. గడ్డ, దాని చుట్టూ కొంచెం మంచి కండ తీసి, తర్వాత కరెంటు పెడితే రొమ్ము మొత్తం తీసినంత ఆయుష్షే ఉంటుందని అమెరికాలో, ఇటలీలోని మిలాన్‌లో జరిగిన రెండు పరిశోధనలు 20 ఏళ్లు గమనించి 2002లో తేల్చాయి. ఇక్కడ రొమ్ము తీయించుకోవడానికి అసలు కారణం తరచుగా దూరం. ఉదయగిరి కొండల నుంచి నెల్లూరుకు వందకు అటూ ఇటూ కిలోమీటర్లు. ఒంగోలు నుంచి గుంటూరుకూ అంతకు కొంచెం పైనే. రోజూ ఎవరు తిరుగుతారు అంటారు. ఒకప్పుడు ఐదు వారాలు, 25 సార్లు పెట్టేవాళ్లు. ఇప్పుడు చాలామందికి మూడు వారాల్లో 15 సార్లతో అయిపోతుంది. కొందరికి ఒక్క వారంలో ఐదుసార్లతో కూడా. పైగా రొమ్ము తీయించుకుంటే కరెంటు తప్పుతుందన్న హామీ లేదు. గడ్డ ఐదు సెంటీమీటర్లు దాటినా, చంకలో నాలుగు బిళ్లలకు పాకినా పెట్టాల్సిందే. ఒకటి రెండు బిళ్లలున్నా తరచుగా పెడతారు.

రెండు వైపులా అంటే ఒంటి మీద పడే భారం

ఒక వైపు ఆపరేషన్‌లో జబ్బున్న రొమ్ము, చంకలోని కాపలా బిళ్లలు (జబ్బు పాకితే ముందు చేరేవి, సెంటినల్ నోడ్స్ అంటారు) ఒకటి నుంచి మూడు దాకా తీస్తారు. చర్మం కింద రెండు ట్యూబులు, వాటి చివర గాలి లాగే సీసా లేదా స్ప్రింగు డబ్బా. రెండు వైపులా అయితే మూడో నాలుగో సీసాలు. ఇంట్లో రోజూ ఒకే వేళకు ఒక్కో సీసాలో ఎన్ని మిల్లీలీటర్లు దిగిందో విడివిడిగా పుస్తకంలో రాయాలి. వరుసగా రెండు రోజులు 24 గంటలకు 30 మిల్లీలీటర్ల లోపు వస్తే ఆ ట్యూబు తీస్తారు. మామూలుగా వారం నుంచి రెండు వారాలు. మొదట ఎర్రగా, తర్వాత గోధుమ గడ్డి రంగులోకి రావాలి. వందకు పైగా దిగుతున్న సీసా ఒక్కసారిగా సున్నాకు వచ్చిందంటే నయమైందని సంతోషించకండి. గడ్డకట్టిన రక్తం అడ్డుపడి ఉంటుంది, లేదా సీసాలో గాలి పట్టు పోయి ఉంటుంది. డబ్బా ఉబ్బి ఉంటే గాలి చొరబడినట్టే. ట్యూబును ఒంటి దగ్గర ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో కిందికి పిండుకుంటూ రావాలి. అట్లా చేసినా కదలకపోతే, గాయం కింద నీటి సంచిలా ఉబ్బితే, ఆస్పత్రికే.

కష్టాలన్నీ కాస్త ఇటు అటుగా రెట్టింపవుతాయి. చర్మం కింద నీరు చేరడం, రక్తం గడ్డకట్టడం, కుట్లు చీముపట్టడం, చర్మం అంచు నల్లబడి చనిపోవడం. షుగరు ఉన్నవాళ్లకు, పొగ తాగేవాళ్లకు ఈ చివరి రెండూ ఎక్కువ. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8 దాటి ఉంటే, ఆరోగ్యంగా ఉన్న రొమ్మును ముట్టుకునే ముందు షుగరు అదుపులోకి తెచ్చుకోవాలి. రోహిణి కార్తె ఎండల్లో నెల్లూరు ఉక్కపోతకు కట్టు కింద చెమట నిలిచి చర్మం పుండవడం ఇక్కడ అదనం.

అసలు ముప్పు ఇక్కడుంది. రెండో వైపు కుట్టు మానక కీమో ఆలస్యమైతే, ఎప్పుడో రాబోయేదాని కోసం ఇప్పుడున్నదానికి టైమిచ్చినట్టు. ఆపరేషన్ తర్వాత కీమో నాలుగు నుంచి ఆరు వారాల్లో మొదలవ్వాలి. ట్రిపుల్ నెగటివ్‌లో ఇది మరీ ముఖ్యం.

ఇంటి పనుల్లో తేడా ఆస్పత్రిలో ఎవరూ చెప్పరు. ఒక వైపైతే రెండో చేయి ఉంటుంది. మంచం మీద నుంచి లేవడానికి, నేల మీది మరుగుదొడ్డిలో గోడ పట్టుకుని లేవడానికి, జడ వేసుకోవడానికి అదే ఆధారం. రెండు వైపులా అయితే మొదటి రెండు వారాలు రెండు చేతులూ భుజం ఎత్తు దాటకూడదు. ఏ పక్కకూ ఒత్తిగిలి పడుకోలేరు, వీపు కింద దిండ్లు ఎత్తుపెట్టుకుని వెల్లకిలానే. కమోడ్ కుర్చీ ముందే తెచ్చి పెట్టుకోవాలి, స్నానం చేయించే మనిషి కావాలి. బిందె, 20 లీటర్ల నీళ్ల క్యాను, గ్యాసు బండ ఆరు వారాలు ముట్టకూడదు. గేదె పాలు పితకడం, నాట్లు వేయడం, పొగాకు ఆకు కర్రలకు కట్టి బ్యారన్‌లోకి ఎత్తడం బతుకుదెరువైనవాళ్లు ఇంకా ఎక్కువ రోజులు లెక్కేసుకోవాలి. ట్యూబులు తీశాక గోడ మీద వేళ్లతో పైకి పాకించే వ్యాయామం రోజుకు మూడుసార్లు చేయకపోతే భుజం బిగుసుకుపోతుంది. రెండు భుజాలూ బిగుసుకుంటే రవిక వెనక హుక్కు పెట్టుకోవడం కూడా కుదరదు. ముందు హుక్కులున్న రవికలు, నైటీలు ముందే కుట్టించుకోవడం మేలు.

చేయి వాపు సంగతి చంకకు సంబంధించింది. కాపలా బిళ్లలే తీస్తే నూటికి ఐదారుగురికి, చంకలోని బిళ్లలన్నీ ఊడిస్తే ఐదుగురిలో ఒకరికి వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న వైపు చంకను మామూలుగా ముట్టుకోరు. ముట్టుకుంటామంటే ఎందుకని అడగాలి. ఛాతీ తిమ్మిరి మాత్రం ఎవరికీ తప్పదు, చనుమొన స్పర్శ పోతుంది. కనీసం ఐదుగురిలో ఒకరికి నెలలు, ఏళ్లు సాగే నొప్పి మిగులుతుంది.

రెండూ తీయించుకోవడానికి మంచి కారణాలు కూడా ఉన్నాయి, అవి ప్రాణానికి సంబంధించినవి కావు. రొమ్ము పెద్దదైతే ఒక వైపే మిగిలినప్పుడు మెడ, వీపు ఒక పక్కకు లాగుతాయి. ఏటా మామోగ్రామ్ రోజు దగ్గర పడుతుంటే నెలరోజులు నిద్రపట్టనివాళ్లుంటారు. ఇవి చిన్న కారణాలు కావు. మొదటి దానికి మాత్రం మిగిలిన రొమ్మును చిన్నది చేసే ఆపరేషన్, లేదా బరువు సరిపోయే సిలికాన్ రొమ్ము పెట్టుకునే జేబున్న బ్రా చాలవచ్చు. రెండో దానికి సంఖ్యలు విన్నాక ఒక నెల ఆగి చూడాలి. గడ్డ తేలిన వారంలో ఉన్న భయం ఆరో నెలలో అంతే ఉండదు. రొమ్ము ఉంచుకుంటే ఏడాదికోసారి మామోగ్రామ్, జన్యుదోషం ఉండి కూడా ఉంచుకుంటే దానికి తోడు ఎంఆర్ఐ. రెండూ తీయించుకున్నా చర్మం కింద కొంత కణజాలం మిగులుతుంది, నూటికి ఒకరిద్దరికి అక్కడా రావచ్చు. అందుకని నెలకోసారి చేత్తో తడిమి చూసుకోవడం మానకూడదు.

జనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకునేవాళ్లు, జబ్బు లేని రొమ్ము, జన్యు పరీక్ష, రొమ్ము తిరిగి కట్టే ఆపరేషన్ ప్యాకేజీలోకి వస్తాయో రావో ఆస్పత్రి కౌంటరులో చేరకముందే అడిగి, జవాబును కాగితం మీద రాయించుకోవాలి. ఇంకో డాక్టరు మాట కూడా కావాలంటే నెల్లూరులో రెడ్‌క్రాస్ క్యాన్సర్ ఆస్పత్రి, తిరుపతిలో స్విమ్స్ ఆస్పత్రి, టాటా ట్రస్టుల తోడుతో వచ్చిన స్వీకార్ క్యాన్సర్ ఆస్పత్రి, చెన్నై అడయారులో 1954 నుంచి ఉన్న క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితంతో పాటు ముక్కను నిలవ ఉంచిన మైనం దిమ్మెలు (బ్లాకులు), గాజు స్లైడులు కూడా అడిగి తీసుకెళ్లాలి. అవి లేకపోతే పరీక్ష మళ్లీ మొదటి నుంచి.

ఆపరేషన్ ఉదయం సర్జన్ ఛాతీ మీద పెన్నుతో గీతలు గీస్తారు. పడుకోబెట్టి కాదు, కూర్చోబెట్టి గీయమని అడగండి. అప్పుడే చంక కింద చర్మం మడతలుగా వేలాడకుండా కుట్టు ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. ఒప్పుకోలు కాగితంలో కుడి, ఎడమ, రెండు వైపులా అన్న మాటల్లో ఏది ఉందో ఆమెకు తెలుగులో చదివి వినిపించాలి, సంతకం ఆమే పెట్టాలి. 'అవసరమైతే రెండో వైపు కూడా' అని ఉంటే, ఆ అవసరం ఏమిటో ఆ ఖాళీలోనే రాయించాకే పెన్ను పట్టుకోవాలి.